పదిహేనో ఊఁ

"వీపు మనిషి ద్రోహి! చొక్కా కాలర్‌కి ఆకుపచ్చ దారంతో కుట్టుంది చూడు" అంటూ ప్రూఫ్ రీడర్ కంప్యూటర్ తెర మీద స్కేలు ఆనించాడు.

"తెల్లదారం అయిపోయి ఉంటుందండీ" అంది భార్య, కాఫీ కప్పు పక్కన పెడుతూ.

"నీకు చెప్పినా గోడకి చెప్పినా ఒకటే."

పేరున్న ఓ డిటెక్టివ్ సీరియల్‌ని ఆటపట్టిస్తూ ఎవరో అభిమాని ఇంట్లోనే తీసి నెట్‌లో పెడుతున్న పేరడీ అది. అందులో డిటెక్టివ్ ఒక గరిటె. దానికి బొత్తాలే కళ్లు. ప్రతి భాగంలోనూ అది ముక్కుతో మాట్లాడుతూ, అటు తిరిగి కూర్చున్న ఓ మనిషిని ఏదో ఒకటి అడుగుతుంది. తల, కాలర్, వీపు తప్ప చుట్టూ అంతా మసకే. "జ్వరమొచ్చింది, చెయ్యి వేసి చూస్తారా?" అంటే అతను "ఊఁ" అంటాడు. "ఇల్లొదిలి వెళ్లిపోతున్నా, ఆపుతారా?" అన్నా "ఊఁ" అనే అంటాడు. తిరిగి మాత్రం చూడడు. చూసినవాళ్లంతా పగలబడి నవ్వారు. ప్రూఫ్ రీడర్ ఒక్కడూ నవ్వలేదు.

అచ్చుతప్పులు పట్టేవాడు కథలో పడిపోకూడదు, అక్షరాలే చూడాలి. ఇరవై రెండేళ్లుగా అతను పుస్తకాలు దిద్దింది అలాగే. ఈ సిరీస్‌నీ అలాగే చూశాడు. గరిటె ఎడమ కంటి బొత్తానికి నాలుగు చిల్లులు, కుడిదానికి రెండే. అంటే నలభై రెండు. ఏడు భాగాల్లో ఊఁలు పద్నాలుగు. ఒక్కో ఊఁకీ కాగితం అంచున ఒక్కో గీత. పొట్టి ఊఁలూ పొడుగు ఊఁలూ కలిపితే రహస్య సందేశం వస్తుందని రాస్తే నాలుగు వేలమంది అతని పేజీలో చేరారు. ఈరోజు ఆరింటికి ఆఖరి భాగం ప్రత్యక్ష ప్రసారం. అది ముగిసేలోగా వీపు మనిషి ఎవరో తేల్చకపోతే పేజీ మూసేస్తానని వాళ్లందరికీ మాటిచ్చి కూర్చున్నాడు. లేనిపోని తంటా నెత్తికెత్తుకున్నాడు.

"నాన్నా, ఎవరో తెలిసిందా?" గుమ్మంలోంచి కూతురు అడిగింది. దానికి పన్నెండేళ్లు.

"ద్రోహి."

"కాదేమో. ఊరికే పనిలో ఉన్నాడేమో."

"ఊరికే ఉన్నవాడి మీద ఏడు భాగాలు తీస్తారా ఎవరైనా? ప్రతిదానికీ ఓ అర్థం ఉంటుంది తల్లీ."

"మరి గరిటె అన్నన్నిసార్లు అడుగుతోంది కదా, దానికేం కావాలంటావ్?"

"ఊఁ" అన్నాడతను గీతలు మళ్లీ లెక్కపెట్టుకుంటూ.

పిల్ల మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్లిపోయింది.

ఆరైంది. ప్రూఫ్ రీడర్ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ప్రసారం పది సెకన్లు ఆలస్యంగా అందుతుందని తెర కింద రాసి ఉంది. వీపు మనిషి ఎప్పట్లాగే అటు తిరిగి కూర్చున్నాడు. గరిటె ముందుకొచ్చింది.

"ఇదే ఆఖరి ప్రశ్న. ఈయన వెనక్కి తిరిగితే కథ అయిపోయినట్టే" అంది.

ప్రూఫ్ రీడర్ తెర మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే వెనకాలెక్కడో కూతురు పిలిచినట్టు సన్నగా వినిపించింది.

"నాన్నా, ఒక్కసారి ఇటు చూడవూ?"

"ఊఁ" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

పది సెకన్లు గడిచాయి. తెర మీద గరిటె ముక్కుగొంతు వదిలేసి, మామూలు గొంతుతో అడిగింది.

"నాన్నా, ఒక్కసారి ఇటు చూడవూ?"

"ఊఁ" అన్నాడు వీపు మనిషి.

ప్రూఫ్ రీడర్‌కి పట్టరాని సంతోషం కలిగింది. నాన్నా అంది! చిక్కు విడిపోయింది, పేజీ బతికిపోయింది. 'దొరికాడు! వీపు మనిషి గరిటెకి కన్నతండ్రి!' అని నాలుగు వేలమందికీ టైపు చేసి పంపేశాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, కాగితం మీదికి వంగి, పదిహేనో గీత గీసుకున్నాడు.

పది సెకన్లకి, తెర మీద వీపు మనిషి కూడా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు.