ప్రాక్టీసు పులి

గోల్ఫ్ మైదానంలో అల్లుడు తొలి దెబ్బ కొట్టాడు. బంతి గాల్లోకి లేచి, పక్కకు తిరిగి, ముళ్ళపొదలో దూరింది.

“ఇది లెక్కలోకి రాదు మామయ్యగారూ. ఇంకోటి పెట్టేస్తాను,” అంటూ అలవాటుగా పక్కకు చెయ్యి చాపాడు. ప్రాక్టీసులోలాగా అక్కడ బంతుల బుట్ట లేదు.

“ఆట మొదలైపోయింది కదా అల్లుడుగారూ!”

“ప్రాక్టీసులో చూడాలండీ నన్ను! బంతులు బాణాల్లా దూసుకుపోతాయి. కోచ్ నోరెళ్ళబెడతాడు. ఇక్కడే ఎండ కంట్లో కొడుతోంది. గడ్డి సరిగ్గా కొయ్యలేదు. పైగా మీరు దగ్గారు.”

“నేను దగ్గింది మీరు కొట్టాక.”

“అదేనండీ, దగ్గుతారేమోనని ముందే బెదిరాను.”

మామగారు నవ్వాపుకుంటూ పొదవైపు నడిచారు, వెనకే అల్లుడు.

“ఇంతకీ ప్రాక్టీసులో ఆ బాణాలన్నీ ఎక్కడ పడేవి?”

“ఎక్కడ పడితే మనకేమండీ? అది చూసేలోపు ఇంకోటి కొట్టేస్తాంగా!”

గొప్పగా అనేశాక, ఆ మాట తన చెవినే పడింది. అల్లుడు నడక ఆపేశాడు.

మామగారు కర్రతో ముళ్ళు పక్కకు తొలగించారు.

“మరి ఇదెక్కడ పడిందో చూశారా?”

“చూశానండీ,” అన్నాడు అల్లుడు, పొదముందు వంగుతూ. “దీన్నొక్కదాన్నే చూశాను.”