అల్లం గోదాములో నక్షత్రం

“మేడమ్, నక్షత్రం కొండెక్కింది!”

రాకేశ్ చీకటిగదిలోంచి వచ్చి చెప్పిన మాటకు హిమబిందు చేతిలో పని వదిలేసి లేచింది. ఆమె ఆ లాబ్‌లో ఇంజినీరు, అతను టెక్నీషియన్. నక్షత్రమంటే నిజం నక్షత్రం కాదు, పరీక్షకని తెప్పించిన దీపం. దాని వెలుగు వెంట్రుకంత సన్నని గాజుతీగలోంచి ప్రయాణించి, చీకటిగదిలో సూదిమొనంత చుక్కగా బయటపడుతుంది.

“నిన్ననేగా బిగించాం! ఎలా ఆరిపోయింది?”

“ఆరింది అనొద్దు మేడమ్. నిన్న మాపు కొబ్బరికాయ కొట్టి ఎలిగిచ్చినం గదా. పూజల వెట్టిన దీపాన్ని మన చేత్తోని ఎట్ల బంద్ జేస్తం? రాత్రంత ఎలగనిచ్చిన. పొద్దుగాల జూస్తె గిట్లయింది.”

తిట్టడానికి నోరు తెరిచేలోపే బయట కారు ఆగింది. లాబ్ యజమాని విష్ణువర్ధన్ పరుగున వచ్చాడు.

“పరీక్ష జేసే జగన్‌మోహన్ సార్ వచ్చిండు మేడమ్. జల్ది చూపెట్టమంటుండు. పన్నెండు దాటితే ఆగడట.”

హిమబిందు సంగతి చెప్పింది. విష్ణువర్ధన్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. కొత్త దీపం పుణె నుంచి రావాలి. ఇవాళ చూపించకపోతే, టెలిస్కోపు కోసం హిమబిందు తయారుచేస్తున్న అద్దం పని వేరే లాబ్‌కు పోతుంది. ఆమె ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే.

“ఎట్ల మేడమ్ ఇప్పుడు?”

హిమబిందు తలుపులోంచి బయటి ఎండవైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. “ఆయనకు టీ ఇప్పించండి. మీ పొలం చూపించండి. నేను పిలిచేదాకా మాత్రం లోపలికి తీసుకురావద్దు.”

విష్ణువర్ధన్ తనకు తెలిసిన కబుర్లన్నీ చెప్పాడు. ఈ లాబ్ ఒకప్పుడు వాళ్ల నాన్న అల్లం గోదామని చెప్పాడు. చెరకు చూపించాడు. హైవే మీద పోయే లారీల్లో ఏది బొంబాయిదో ఏది కాదో కూడా చెప్పాడు. జగన్‌మోహన్ అన్నిటికీ తలూపుతూనే గడియారం చూసుకుంటున్నాడు. ఆ పెద్దాయన కొండమీద కడుతున్న పెద్ద టెలిస్కోపు తరఫున వచ్చిన పరీక్షాధికారి. కబుర్లకు కరిగే మనిషి కాదు.

లోపలి నుంచి పిలుపు రాగానే విష్ణువర్ధన్ ప్రాణం లేచొచ్చింది. దీపం ఎట్లా బాగైందో అడిగే సందు దొరకలేదు.

చీకటిగదిలో, తెర మీద, తెల్లటి చుక్క వెలుగుతోంది.

“మీ టెక్నీషియన్ ఏడమ్మా?” జగన్‌మోహన్ అడిగాడు.

“పైన పనిలో ఉన్నాడు సార్,” అంటూ హిమబిందు హీటరు ఫ్యాను వేసింది. వేడిగాలి వెలుతురుకు అడ్డంగా వీచింది. చుక్క వణికింది, చెదిరింది, చిల్లపెంకుల్లా ముక్కలైపోయింది. ఆకాశంలోని గాలి ఏ నక్షత్రాన్నైనా చేసేది ఇదే. అందుకే ఎంత పెద్ద టెలిస్కోపుకైనా చూపు మసకే.

“ఇప్పుడు అద్దం ఆన్ చేస్తున్నా సార్.”

అరచేతిలో పట్టే అద్దం అది. దాని వెనక వందల సన్నని మీటలు. గాలి వెలుతురును ఎటు వంచితే, అద్దం సరిగ్గా అందుకు ఎదురుగా తన ఒళ్లు వంచుకుంటుంది. సెకనుకు వెయ్యిసార్లు. కంటికి మాత్రం అది కదిలినట్టే ఉండదు.

తెర మీది ముక్కలన్నీ ఒక్కచోటికి చేరాయి. ఫ్యాను అలా వీస్తూనే ఉంది, చుక్క మాత్రం నిశ్చలంగా నిలబడింది. అల్లం బస్తాలు మోసిన గదిలో ఇంత అద్భుతం జరుగుతుందని విష్ణువర్ధన్ కలలో కూడా అనుకోలేదు. తెలియకుండానే చేతులు జోడించాడు.

అంతలో చుక్క మసకబారింది.

“వోల్టేజీయా?” జగన్‌మోహన్ ముందుకు వంగాడు.

“కాదు సార్. జర ఆగండి, అదే వస్తుంది.” కంగారులో హిమబిందు నోట రాకేశ్ మాట దొర్లింది. ఆమె ఏ స్విచ్చూ ముట్టుకోలేదు, ఊపిరి బిగబట్టి నిలబడిందంతే. కాసేపటికి చుక్క మళ్లీ తెల్లగా వెలిగింది. అద్దం దాన్ని వదల్లేదు.

జగన్‌మోహన్ చాలాసేపు తెర ముందునుంచి కదల్లేదు. లైట్లు వేశాక చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

“పాసయ్యారమ్మా. అద్దం మీ దగ్గరే ఉంటుంది. ఎన్నో లాబ్‌లు తిరిగాను, ఇంత తెల్లటి చుక్క ఎక్కడా చూళ్లేదు.”

విష్ణువర్ధన్ హమ్మయ్య అనుకున్నాడు.

“ఒక్కటే దిగులు,” అన్నాడాయన లేస్తూ. “ఇది దీపంతో చేసిన పరీక్ష. కొండమీద టెలిస్కోపు లేచేసరికి నేను రిటైరైపోతాను. నిజం నక్షత్రం వెలుగు ఈ అద్దం మీద పడటం చూసే రాత నాకు లేదు.”

హిమబిందు విష్ణువర్ధన్ వైపు చూసింది. దీపం పోయిన సంగతి చెప్పొద్దన్నట్టు అతను కళ్లతోనే బతిమాలాడు. ఆమె చెప్పేసింది.

“మా దీపం పొద్దున్నే పోయింది సార్. రాకేశ్ గాజుతీగ కొసకు భూతద్దం కట్టి, ఇందాకటినుంచి డాబా మీద ఎండలో నిలబడ్డాడు. మధ్యలో మసకబారింది మబ్బు అడ్డొచ్చే. మీరు చూసింది సూర్యుణ్ణి.”