కట్టినప్పుడు లేనిది

"కుదరదండీ" అంది ఫెలిసిటీ, కొలతల టేపు చుట్టేస్తూ. పాత కట్టడాల్ని కాపాడే కౌన్సిల్ అధికారిణి ఆమె. పొద్దుట్నుంచి ఆ ముక్క వినీ వినీ డోరీన్‌కి తల వాచిపోయింది.

బ్రాడ్‌ఫోర్డ్‌లో రెండు వీధులు కలిసేచోట ఉన్న ఆ మూల పబ్ డోరీన్‌ది. విక్టోరియా రాణి కాలంనాటిది. మూలను ఏటవాలుగా కోసి పెట్టిన తలుపు, ఆకుపచ్చ పెంకుల గోడలు, పూలు చెక్కిన కిటికీ అద్దాలు, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ల బాత్రూమే లేదు. కట్టిన మహానుభావుడికి ఆ ఆలోచనే తట్టలేదు కాబోలు.

"తలుపు పక్కన ఆ బుల్లి గది ఉందే, పూర్వం జగ్గుల్లో బీరు పోయించుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు నిలబడేది? అందులో చీపుర్లు పెట్టుకుంటున్నా. అక్కడ ఒక్క బాత్రూమ్ కట్టుకుంటానంటే నీకేం పోయింది తల్లీ?"

"ఊళ్లో మిగిలిన జగ్గుల గది ఇదొక్కటేనండీ. అందులో పైపులేమిటి? కట్టినప్పుడు లేవు."

"కట్టినప్పుడు కరెంటూ లేదు. దీపాలార్పెయ్యనా?"

బారు దగ్గర రోజూ కూర్చునే ముసలి వాల్టర్ గ్లాసులోకి చూసుకుంటూ నవ్వాడు. డోరీన్‌కి మాత్రం ఒళ్లు మండిపోతోంది. పబ్‌కొచ్చిన ప్రతి ఆడమనిషీ మేడెక్కి డోరీన్ వాళ్లింటి బాత్రూమ్‌లోకే పోవాలి. పబ్‌లో క్విజ్ పోటీ పెట్టే రోజున మెట్ల మీద వరస కడతారు. మొగుడు రెగ్ తువ్వాలు చుట్టుకుని పడగ్గదిలో దాక్కుంటాడు. ఈసారి అనుమతి రాకపోతే పబ్ అమ్మి పారేద్దామని తెగేసి చెప్పాడు. డోరీన్ పుట్టిందే ఆ మేడ మీద.

"పోనీ, మగవాళ్ల బాత్రూమ్‌లో అడ్డుగోడ కట్టుకోనా?"

"అయ్యో, ఆ గోడలకీ తలుపుకీ ఒక్క మేకు కూడా కొట్టకండి. అలాంటిది మళ్లీ దొరకదు."

డోరీన్ వెళ్లి టీ నీళ్లు పెట్టింది. బయట వాన, లోపల చలి. ఫెలిసిటీకి పెద్ద కప్పుతో టీ ఇచ్చింది. ఫోటోలు తీస్తూనే ఆమె అది తాగేసింది. డోరీన్ మళ్లీ నింపింది, మళ్లీ తాగింది. కాసేపటికి ఫెలిసిటీ కెమెరా బల్ల మీద పెట్టేసింది.

"ఒక్కసారి మేడ మీదికి వెళ్లొస్తానండీ."

"మా ఆయన స్నానాల తొట్టిలో దిగాడమ్మా. గంటకి గానీ లేవడు. గడియ పెట్టుకుని కూర్చుంటాడు."

ఫెలిసిటీ అటూ ఇటూ చూసి, ఇక ఆగలేక మగవాళ్లదాంట్లోకి దూరింది. అప్పుడే డార్ట్స్ ఆడే మగాళ్ల గుంపు వానలో తడుస్తూ వచ్చిపడింది. ఇద్దరు తిన్నగా అటే నడిచారు.

"డోరీన్ గారూ, దీనికి గొళ్లెం ఏదండీ?" లోపల్నుంచి కంగారుగా వినిపించింది.

"కట్టినప్పుడు లేదు తల్లీ."

అయినా డోరీన్ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఆగండ్రా కాసేపు" అని ఆ ఇద్దర్నీ వెనక్కి పంపింది.

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. తర్వాత ఫెలిసిటీ గొంతు నీరసంగా వచ్చింది.

"ఆ జగ్గుల గదికి పైపులు ఏ వైపు నుంచి వేయిద్దామనుకుంటున్నారు? రేపే అనుమతి రాసేస్తాను."

అంతలో మూల తలుపు తోసుకుని, వీధిలోంచి రెగ్ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. "ఏమే, ఒప్పుకుందా?"

"గొంతెత్తకు" అంది డోరీన్. "నువ్వు స్నానం చేస్తున్నావు."