కుడిచేతి మందు

"దీని ఒంటికి మందు వాసనేంటి?" అంది ఎనెయిదా, పెంపుడు చెట్టుకప్పను వాననీళ్ళతో కడుగుతూ. మూడు రోజులుగా అది మేతగా వేసిన కీచురాళ్ళను ముట్టలేదు.

కుర్చీలో ఉన్న విల్బెర్త్ తల తిప్పుకున్నాడు. "ముసలిదైపోయిందిలే."

"మందు చేతుల్తో దీన్ని తాకితే చస్తుందని నేర్పింది నువ్వే. ఈ మందు నేను రాసేది పడిపోయిన నీ కుడిచేతికొక్కదానికే."

అతను కుడిచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"ఎప్పట్నుంచి కదులుతోంది?"

"నెలైంది."

ఆరేళ్ళ క్రితం అతన్ని వదిలి వెళ్ళిన భార్య ఆమె. పక్షవాతం కబురు విని, చెయ్యి స్వాధీనంలోకి వచ్చేదాకా ఉంటానని అతనుండే ఊరు సికిర్రెస్‌కి తిరిగొచ్చింది. రోజూ బీన్స్ అన్నం తనే తినిపిస్తోంది.

"చెప్తే వెళ్ళిపోతావుగా," అన్నాడు విల్బెర్త్. "నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఈ కప్పను పట్టుకుని చూసేవాణ్ణి, వేళ్ళు వంగుతున్నాయో లేదోనని. మందు సంగతి తట్టలేదు."

ఎనెయిదా తడిగుడ్డతో అతని చెయ్యి తుడిచింది. ఆ వేళ్ళు ఆమె వేళ్ళను పట్టుకున్నాయి. ఆమె విడిపించుకోలేదు, అతనివైపు చూడనూ లేదు.

"ఈ కప్ప మేత ముట్టేదాకా ఉంటాను. ఆ తర్వాత ఆపకు."

కప్పను ఎత్తుకుని గాజుపెట్టె దగ్గరికి నడిచింది. విల్బెర్త్ కుర్చీ జరుపుకుని, కుడిచేత్తో ఆమె కోసం మూత తెరిచి పట్టుకున్నాడు.