నాలుగు పండ్ల టైరు

“వింటర్ టైరా? అమ్మిణీ, తుడియలూరులో చలికి స్వెట్టరు కొనేవాడే లేడు, టైరు ఎవడు కొంటాడు?” అని తమిళంలో పెద్దగా నవ్వాడు టైర్ల కొట్టు గురుసామి.

సత్యకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి ఇది మూడో కొట్టు. సోమవారం ఆమె కొండ మీది కోతగిరి బడిలో టీచరుగా చేరాలి. పోయిన వారం అక్కడ అద్దె ఇల్లు చూసుకుని దిగి వస్తుంటే, మార్గళి నెల మంచుకు తడిసిన మలుపులో కారు జారి, గోడకు జానెడు దూరంలో ఆగింది. చూస్తే నాలుగు టైర్లూ బోడిగుండ్లు. చలిదేశాల్లో చలికాలానికి వేరే టైర్లు వేసుకుంటారని ఇంటర్నెట్‌లో చదివి, అదే అడుగుతోంది.

“అవి మంచుగడ్డల మీద నడిచేవి. మన ఎండలో తిప్పితే తొందరగా అరిగిపోతాయి. నీకు మంచి పట్టున్న మామూలు టైరు చాలు. కొత్తది ఒక్కోటి ఐదున్నర వేలు. సెకండ్ హ్యాండు రెండున్నర.”

“నా దగ్గర పదహారు వేలే ఉన్నాయన్నా,” అంది సత్య చిన్నగా.

వెనక నుంచి ధబధబా చప్పుడు. తిరిగి చూసి తల పట్టుకుంది. వాళ్ల నాయన అప్పసామి పాత టైర్ల కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని అరచేత్తో చరుస్తున్నాడు. నలభై ఏళ్లు పొల్లాచి సంతలో ఎద్దుల తరగు, అంటే దళారీ పని చేసిన మనిషి. లోకంలో అమ్మేది ఏదైనా ఆయనకు ఎద్దే, పండ్లు చూసి వయసు చెప్పాల్సిందే.

“అమ్మిణీ, దీని పండ్లు చూడు. ఇంకా నాలుగు పండ్లే. కోడె వయసు.”

“నాయనా, అది టైరు! వయసు పక్కన నంబరుగా రాసుండాది. ఇదో, రెండువేల పదిహేడుది.”

“నంబరు ఎవడైనా రాస్తాడు. కొమ్ములకు రంగు పూసి ముసలెద్దును అమ్మినోళ్లను నేను చూడలేదా?” అని టైరును వాసన చూశాడు.

ఆయన్ని తీసుకురావడం సత్యకు ససేమిరా ఇష్టం లేదు. “బేరం ఆయనకే తెలుసు” అని తల్లి మీనాంబాళ్ బలవంతాన కారెక్కించింది. రెండు నెలల కింద ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు అప్పసామి ఒకటే మాటన్నాడు. “కొండ మీద ఒంటరిగా నీచేత కాదు. నెలకే దిగి వస్తావు.” సత్యకు ఒళ్లు మండి, చుట్టాలందరి ముందూ అనేసింది. “దీనికోసం నీ రూపాయి ఒక్కటి తాకను. తాకితే ఆ ఉద్యోగమే వద్దు.” అప్పట్నుంచి తండ్రీకూతుళ్ల మధ్య కాఫీ, కూర తప్ప మాటల్లేవు.

“పాతవే వేయించు. నెల దినాలకు కొత్తవి ఏంటికి?” అన్నాడు ఇప్పుడు కూడా.

సత్యకు ఏడుపొచ్చినంత పనైంది. “ప్రాణం నాది కదా నాయనా, నీకేం! అన్నా, రెండు కొత్తవి, రెండు పాతవి వేయండి.”

“వద్దమ్మిణీ. ముందువి పట్టి వెనకవి జారితే ఇంకా ప్రమాదం,” అన్నాడు గురుసామి. అన్నాక, తండ్రీకూతుళ్లు మాట్లాడుకున్నది తెలుగని తట్టి ముఖం వెలిగింది. ఈసారి తెలుగులోకి దిగాడు. “మీరూ మనోళ్లేనా? మాది కినత్తుకడవు పక్కన. మా తాత సంతకు ఎద్దులు తోలినోడే మామా.”

“అట్లనా! అయితే చెయ్యి ఇట్లియ్యి,” అని అప్పసామి లేచి, భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

సత్య సిగ్గుతో చచ్చిపోయింది. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు, పక్కవాళ్లకు తెలియకుండా. కానీ ఇది మెయిన్ రోడ్డు. టీ తాగుతున్న ఇద్దరు అప్పుడే ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు.

“నాయనా, రేటు బోర్డు మీద రాసుండాది!”

“బోర్డుకేం తెలుసు? నువ్వు ఊరకుండు.”

తుండు కింద చేతులు మెదిలాయి. గురుసామి కనుబొమలు పైకెక్కాయి. “ఏంది మామా ఇది? ఇట్లా ఎవరూ చేయరు!”

“నేను చేస్తాను. కొత్తవే. ఒక్కోటి నాలుగు వేలు. దాని మీద ఒక్క రూపాయి ఆమె ఇయ్యదు.”

“ఐయో, నాకు మనసొప్పలేదు మామా.”

“యాపారంలో మనసేంది? పట్టు.”

ఐదు నిమిషాలు సాగింది. సత్యకు సిగ్గు పోయి కొట్టువాడి మీద జాలి మొదలైంది. చివరికి గురుసామి చెయ్యి లాక్కుని జేబులో దూర్చుకున్నాడు.

“సరి అమ్మిణీ. నాలుగూ కొత్తవే. పదహారు వేలు. మీ నాయనతో నేను గెలవలేను.”

టైర్లు బిగించాక సత్య తన డబ్బు తానే లెక్కపెట్టి ఇచ్చింది. అప్పసామి అప్పుడైనా మెచ్చుకోలేదు. “మూడున్నరకే వచ్చుండేది. నువ్వు మొఖం వేలాడేసి చెడగొట్టినావు,” అని గొణుగుతూ కారెక్కాడు. ఈ మనిషి ఈ జన్మకు మారడని సత్యకు ఖాయమైపోయింది.

“మా నాయన చేసినదానికి మన్నించన్నా,” అంది గురుసామితో.

“పోయిరా అమ్మిణీ. మలుపుల్లో మెల్లగా పో,” అన్నాడతను.

కారు కదలగానే లోపల్నుంచి గురుసామి భార్య కళైవాణి విసురుగా వచ్చింది. “ఐదున్నర టైరు నాలుగుకా? ముసలాయన నాలుగు మాటలంటే కొట్టు రాసిచ్చేస్తావా?”

గురుసామి జేబులోంచి పిడికిలి తీసి విప్పాడు.

“మిగతా ఆరు వేలు తుండు కిందే వచ్చినాయి.”