కడిగే ఫిల్టరు

"మీ వ్యానులో ఈ పాత జాలీ ఫిల్టరు తీసేద్దాం, బామ్మగారూ," అన్నాడు మెకానిక్. "కొత్తరకం డబ్బా ఫిల్టరు బిగిస్తాను. మురికి పడితే విప్పి పారేయడమే. దీన్నయితే ప్రతిసారీ కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి బిగించాలి. ఎవరికుంది అంత తీరిక?"

"మా ఇంట్లో తీరికకి లోటు లేదు. పాతదే ఉంచు."

"వ్యాను ముసలిదైపోయిందండీ. కాస్త సుఖపడనివ్వండి."

"నేనూ ముసలిదాన్నే. నాకెవడూ కొత్త డబ్బాలు బిగించలేదు."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈమధ్య ఏదీ రావడం లేదు, ఏడుపుతో సహా.

"ఇంతకీ ఇప్పుడు బండి ఎవరు నడుపుతున్నారు?"

"మా అమ్మాయి. ఎప్పుడైనా కూరగాయలకి."

"ఫిల్టరు కూడా ఆవిడే కడుగుతారా?"

"మా ఆయన కడుగుతారు."

చూపు తగ్గింది, ఇక స్టీరింగు పట్టొద్దు అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. పెడితే తింటారు. పిలిస్తే పలకరు. పక్కనే నేనూ కూర్చుంటాను, ఇంకో గోడలాగా.

మెకానిక్ జాలీ విప్పి, కిరోసిన్ గిన్నెలో ముంచబోయాడు.

"కడక్కు," అన్నాను. "మురికిగానే కాగితంలో చుట్టి ఇవ్వు. వ్యాను ఇక్కడే ఉండనీ. బిగించడానికి ఆయనే వస్తారు."