కవెంట్రీకి పంపిన మనిషి

సమ్మె రోజుల్లో పనిలోకి వచ్చినందుకు బర్మింగ్‌హామ్ కార్ఖానాలో విల్ఫ్‌ను అందరూ కలిసి కవెంట్రీకి పంపారు. ఊరు దాటించడం కాదు. ఒక మనిషితో అందరూ మాటలు మానేయడాన్ని అక్కడ అలా అంటారు. పక్క మిషను మీద పనిచేసే క్లిఫర్డ్ కూడా నెలల తరబడి అతన్ని పలకరించలేదు.

ఒక శనివారం చేపల కొట్టు దగ్గర విల్ఫ్ భార్య ఎదురైంది.

“నువ్వెంత మంచోడివయ్యా క్లిఫర్డ్! నేను మంచాన పడ్డప్పుడు రోజూ నా గురించి అడిగేవాడివటగా. నీ జోకులన్నీ మా ఆయన ఇంటికొచ్చి చెప్తాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాననుకో!”

క్లిఫర్డ్ ఆమె మొహం చూడలేక, చేపల వైపు చూస్తూ తలూపాడు.

సోమవారం పొద్దున్నే, అందరూ చూస్తుండగా మిషను ఆపాడు.

“మీ ఆవిడకి ఎలా ఉందోయ్?”

ఇంకెవరినో పలకరిస్తున్నాడనుకుని విల్ఫ్ వెనక్కి తిరిగి చూశాడు.